పదో పేజీ దాటించే పుస్తకం చెప్పండి

అర్ధరాత్రిదీపం
ఒకప్పుడు పుస్తకం చేతిలో ఉంటే తెల్లవారిన సంగతి తెలిసేది కాదు. ఇప్పుడు పదో పేజీకి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే ఫోను మీదికి పోతోంది. నాలుగేళ్ళలో చివరిదాకా చదివినవి రెండే. చదవాలన్న కోరిక మాత్రం పోలేదు. అదే బాధ.

ఎవరిని అడిగినా "తప్పక చదవాల్సిన" పుస్తకాల జాబితా ఒకటి చేతిలో పెడుతున్నారు. అందులో ఉన్నవన్నీ గొప్పవే, కాదనను. కిందటి నెల బుచ్చిబాబు గారి నవల చివరకు మిగిలేది మొదలుపెట్టాను. దయానిధి ఆలోచనల వెంట ఎలాగో అరవయ్యో పేజీ దాకా వెళ్ళి మూసేశాను. మూసేశాక నాలోనే ఏదో లోపం ఉన్నట్టు రెండు రోజులు మనసు బాగాలేదు.

నాకు ఇప్పుడు గొప్ప పుస్తకం వద్దు. తర్వాత ఏమవుతుందో అని పేజీ తిప్పించేది కావాలి. లేదా పక్కన కూర్చున్నవాళ్ళు "ఎందుకు నవ్వుతున్నావు?" అని అడిగేలా చేసేది. పాతదైనా, కొత్తదైనా సరే. జాబితాలు మాత్రం వద్దు. ఒక్కొక్కరు ఒక్కటే చెప్పండి, మీకు ఎందుకు నచ్చిందో కూడా చెప్పండి.

చెదపురుగు
బారిస్టర్ పార్వతీశం, మొదటి భాగం. ఇంకేమీ ఆలోచించకండి.

కాగితంపడవ
చెదపురుగు గారు "ఎందుకు" అన్నది వదిలేశారు కాబట్టి ఆ పని నేను చేస్తాను. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ఈ పుస్తకం మొదటి భాగం 1924లో వచ్చింది. నూరేళ్ళు దాటినా నవ్వు పాతబడలేదు.

టోపీ సంగతి చూడండి. దొరల దేశం వెళుతున్నాను కదా అని పార్వతీశం ఒక టోపీ కొని దర్జాగా పెట్టుకుంటాడు. అది ఆడవాళ్ళ టోపీ. కథ చెబుతున్నది అతనే కాబట్టి మనకు వినిపించేది అతని దర్జా ఒక్కటే. చుట్టూ ఉన్నవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో అతనికంటే ఒక్క క్షణం ముందు మనకు అర్థమవుతుంది. ఆ క్షణంలోనే ఉంది కిటుకంతా. అతను తెలివితక్కువవాడు కాదు, ఎన్నడూ చూడని లోకంలోకి ఒంటరిగా బయలుదేరిన కుర్రవాడు. అందుకే ఎంత నవ్వినా అతని మీద ప్రేమ తగ్గదు.

రెండోముద్రణ
మొదటి భాగం చాలన్న మాట నేను ఒప్పుకోను. ఆ పుస్తకం మూడు భాగాలు. మొదటి భాగంలో మనల్ని నవ్వించిన కుర్రవాడు మిగతా రెండింటిలో మనిషిగా ఎదుగుతాడు. చాలామంది ఓడ దిగగానే పుస్తకం మూసేస్తారు. ఓడ దిగిన తర్వాతే అతనికి కళ్ళు తెరుచుకుంటాయి, మనకు అతని మీద గౌరవం కలుగుతుంది.

చెదపురుగు
ఎదగడం తర్వాత చూసుకోవచ్చు. అడిగినవారికి ఇప్పుడు కావలసింది నవ్వు.

నెమలీక_7
అర్ధరాత్రిదీపం గారూ, మీరు రాసింది చదువుతుంటే నా సంగతే ఎవరో రాసినట్టు ఉంది. మా పాప పుట్టాక ఏడాదిన్నర నేను ఒక్క పుస్తకం ముట్టుకోలేదు. ముట్టుకున్నా మూడు పేజీలకే ఏడుపు వినిపించేది. మళ్ళీ వచ్చేసరికి ఎవరు ఎవరో గుర్తుండేది కాదు.

నన్ను గట్టెక్కించింది అమరావతి కథలు. శంకరమంచి సత్యం గారివి, మొత్తం 100 కథలు. సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన పుస్తకమే, అయినా ఎక్కడా బరువనిపించదు. ఒక్కో కథ రెండు మూడు పేజీలు. పాపను భుజాన వేసుకుని, దీపం దగ్గర నిలబడి రాత్రికి ఒకటి చదివేదాన్ని. కథ పూర్తయ్యేది, పాప నిద్రపోయేది. ఒక్కోసారి కథే ముందు పూర్తయ్యేది. అప్పుడు చివరి వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ మనసులో అనుకుంటూ తిరిగేదాన్ని. నూరు రాత్రులకు నూరు కథలు అయ్యాయి. ఏదైనా పూర్తిచేశానన్న తృప్తి ఏడాదిన్నర తర్వాత అప్పుడు దొరికింది.

ముందుమాట
"గొప్ప పుస్తకం వద్దు" అన్న మాట నన్ను నొప్పించింది. గొప్పదనానికీ హాయికీ ఏమిటి విరోధం? మనం చిన్నప్పటి నుంచి గొప్ప పుస్తకాలను పరీక్షల కోసం చదివాం కాబట్టి వాటిని చూడగానే ఒళ్ళు బిగుసుకుంటుంది. అది పుస్తకం తప్పు కాదు.

నేను చెప్పేది వేయిపడగలు. విశ్వనాథ సత్యనారాయణ గారు ఆ నవలను 29 రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించారు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీలో అడివి బాపిరాజు గారి నారాయణరావుతో కలిసి బహుమతి పంచుకుంది. నోటితో చెప్పినది కాబట్టి చెవితో చదవాలి. పరుగెత్తితే అందదు. రోజుకు పది పేజీలు, పెదవులు కదుపుతూ చదవండి. ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన కూర్చుని ఒక కథలోంచి ఇంకో కథలోకి వెళుతున్నట్టు ఉంటుంది. ఆ సుఖం మరెక్కడా దొరకలేదు నాకు.

అట్టలేనిపుస్తకం
ముందుమాట గారూ, మీరు చెప్పినది మీకు నిజం. పదో పేజీ దాటలేకపోతున్నాను అన్న మనిషికి వెయ్యి పేజీల నవల చెప్పడం మాత్రం, జ్వరం నుంచి లేచినవారిని కొండ ఎక్కమనడమే.

నేను రెండు నెలలు మంచం మీద ఉన్నప్పుడు చూడడానికి వచ్చినవాళ్ళందరూ మంచి మంచి పుస్తకాలు తెచ్చారు. అన్నీ బల్ల మీద పేర్చి ఉండేవి. నేను చదివింది మాత్రం మా అన్నయ్య తెచ్చిన పాత డిటెక్టివ్ నవలలు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ ఉన్నాడు చూడండి, ఆ మనిషి గదిలోకి వస్తే నొప్పి గుర్తుండేది కాదు. ఒకదానికి అట్ట లేదు, చివరి ఫారం ఊడిపోయింది. అంటే సరిగ్గా పదహారు పేజీలు. హంతకుడు ఎవరో తెలిసేది ఆ పదహారు పేజీల్లోనే! నేనూ అన్నయ్యా చెరొక ముగింపు రాసి ఒకరికొకరు వినిపించుకున్నాం. దాని కోసం అతను మూడు రోజులు ఆలోచించాడు. నేను ముందు పేజీలన్నీ మళ్ళీ తిరగేసి ఎక్కడెక్కడ ఆధారాలు ఉన్నాయో పెన్సిలుతో గుర్తులు పెట్టాను. పుస్తకాన్ని అంత శ్రద్ధగా నేను కళాశాలలో కూడా చదవలేదు.

ఆ నవలలను "కాలక్షేపం" అని తీసిపారేస్తే నాకు కోపం వస్తుంది. కాలం క్షేపించక తప్పని రోజులు మనిషికి వస్తాయి. ఆ రోజుల్లో తోడుండేది చిన్న పుస్తకం కాదు.

తొందరగువ్వ
ఆ నవల అసలు ముగింపు తర్వాత తెలిసిందా?

అట్టలేనిపుస్తకం
పేరు కూడా ఊడిపోయిన పేజీలతోనే పోయింది. ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

గీతలనోటుబుక్
అట్టలేనిపుస్తకం గారి మాటకు నా మాట తోడు. మా అమ్మ ఏడో తరగతితో చదువు ఆపేసింది. అయినా ఆవిడ చదువరి. ఆవిడను చదువరిగా చేసింది యద్దనపూడి సులోచనారాణి గారు. సెక్రటరీ నవల ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. జయంతి రాజశేఖరానికి ఎదురు సమాధానం చెప్పే చోట్లన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. ఆ నవలలు మనుషులకు లేనిపోని కలలు నేర్పాయని విమర్శిస్తారు. మా అమ్మకు మాత్రం ఎదురు సమాధానం చెప్పడం నేర్పాయి.

ముందుమాట
నేను ఎవరి పుస్తకాన్నీ చిన్నచూపు చూడలేదు. అట్టలేనిపుస్తకం గారూ, పెన్సిలు గుర్తుల సంగతి చదివాక మీతో వాదించబుద్ధి కావడం లేదు. సరే, వెయ్యి పేజీలు వద్దు. ఒక్క కథ చదవండి. పాలగుమ్మి పద్మరాజు గారి గాలివాన. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. రైలు పెట్టె, జీవితమంతా నియమాలతో కట్టుకున్న ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె, బయట తుఫాను. ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. చదివిన రాత్రి గాలి వీస్తే మాత్రం కిటికీ వైపు చూస్తారు.

తొందరగువ్వ
అబ్బ, ఆ కథ! చివర్లో ఆ పెద్దమనిషి ఆమె దగ్గర [నిర్వాహకులు: కథ ముగింపు బయటపెట్టినందువల్ల ఇక్కడ రెండు వాక్యాలు తొలగించాం.]

నెమలీక_7
తొందరగువ్వ గారూ, పేరుకు తగ్గట్టే ఉన్నారు!

తొందరగువ్వ
క్షమించండి. కథ గుర్తుకు వచ్చేసరికి చెయ్యి ఆగలేదు.

వినికిడి
చదవడం గురించే అందరూ మాట్లాడుతున్నారు. నాకు చదివి వినిపించడం గురించి చెప్పాలని ఉంది.

మా నాన్నగారికి చూపు మందగించి మూడేళ్ళయింది. వార్తాపత్రిక శీర్షికలు కూడా కనిపించవు. మొదట్లో రికార్డు చేసిన పుస్తకాలు పెట్టాను. కాసేపు విని, "ఎవరో తెలియని మనిషి గదిలో కూర్చున్నట్టు ఉందమ్మా" అనేవారు. అప్పుడు కన్యాశుల్కం నాటకం తీశాను. మనం ఇప్పుడు చదువుతున్నది గురజాడ వారు పెంచి తిరగరాసి 1909లో అచ్చు వేయించిన రూపం, ఏడు అంకాలు. ఒక్కదాన్నే అన్ని గొంతులూ పలకలేక మా తమ్ముడిని, మరదలిని కూడా కూర్చోబెట్టాను. తమ్ముడు గిరీశం, మరదలు మధురవాణి, మిగతావాళ్ళందరూ నేను.

మొదటి రోజు తమ్ముడు గిరీశం మాటలను వెటకారంగా చదివాడు. నాన్నగారు చెయ్యెత్తి ఆపారు. "అలా కాదురా. వాడు అబద్ధం చెబుతున్నానని అనుకోడు. వాడి మాటను ముందు నమ్మేది వాడే. గంభీరంగా చదువు" అన్నారు. తమ్ముడు మళ్ళీ అదే మాటను నిజంగా గంభీరంగా చదివాడు. అంతే, గదిలో ఎవరికీ నవ్వు ఆగలేదు.

రెండో వారంలో ఇంకోటి జరిగింది. రామప్పంతులు మాట ఒకటి చదవబోతుంటే నా కంటే ముందు నాన్నగారే అందుకున్నారు. పుస్తకం చూసి పోల్చాను. ఒక్క అక్షరం తేడా లేదు. కళాశాలలో చదివేటప్పుడు ఆ వేషం వేశారట. పెళ్ళయ్యాక ఎవరికీ చెప్పలేదట. మా అమ్మకు కూడా ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి రామప్పంతులు ఆయనదే. మేము చదివితే ఒప్పుకోరు.

అర్ధరాత్రిదీపం గారూ, ఒంటరిగా చదవలేకపోతే ఎవరితోనైనా కలిసి బిగ్గరగా చదవండి. చెయ్యి ఫోను మీదికి పోదు, తర్వాతి మాట మీదే కాబట్టి.

కాగితంపడవ
ఇది చదివి చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను.

పెన్నూపేపరూ
మధ్యలో దూరుతున్నాను, మా అబ్బాయికి పన్నెండేళ్ళు. తెలుగు చదవగలడు, చదవడు. వాడికి ఏది ఇవ్వాలి? బుడుగు ఇచ్చి చూశాను, "ఈ పిల్లవాడు తప్పులు రాస్తున్నాడు" అని పక్కన పెట్టాడు.

చెదపురుగు
బుడుగు పిల్లల పుస్తకమని ఎవరు చెప్పారు? ముళ్ళపూడి వెంకటరమణ గారు పిల్లవాడి నోటితో పెద్దవాళ్ళ లోకాన్ని చూపించారు. అది అర్థం కావాలంటే ముందు పెద్దవాళ్ళు కావాలి.

నెమలీక_7
ఆ మాట ఒప్పుకోను. నేను ఎనిమిదేళ్ళప్పుడు చదివి బాపు గారి బొమ్మలు చూస్తూ పొర్లి పొర్లి నవ్వాను. సీగాన పెసూనాంబ పేరు వింటే చాలు, ఇప్పటికీ నవ్వు వస్తుంది. అప్పుడు ఒక నవ్వు, ఇప్పుడు ఇంకో నవ్వు.

రెండోముద్రణ
పన్నెండేళ్ళవాడికి సాహసాలు ఇవ్వండి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన ధారావాహికలు పుస్తకాలుగా వచ్చాయి. తోకచుక్క, కంచుకోట, పాతాళ దుర్గం, ఏదైనా సరే. పత్రికలో వచ్చేటప్పుడు వాటి మీద రచయిత పేరే ఉండేది కాదు. తరాల తరబడి పిల్లలు ఆయన ఎవరో తెలియకుండానే ఆయన వెంట అడవులూ కోటలూ తిరిగారు. ప్రతి భాగమూ సరిగ్గా ప్రమాదం అంచున ఆగుతుంది. రాత్రికి ఒక భాగం మీరు చదివి వినిపించి, అక్కడ పుస్తకం మూసి, వాడికి అందే చోట పెట్టి వెళ్ళిపోండి. మిగతా పని పుస్తకమే చేస్తుంది.

నండూరి రామమోహనరావు గారి అనువాదాలు కూడా మరచిపోకండి. టామ్ సాయర్, కాంచన ద్వీపం. ఆ తెలుగు ఎంత తేటగా ఉంటుందంటే అనువాదమన్న సంగతే గుర్తుకు రాదు.

నక్షత్రపటం
నండూరి వారి పేరు వచ్చింది కాబట్టి ఇదే అదను. అందరూ కథలే చెబుతున్నారు. అర్ధరాత్రిదీపం గారూ, కథలు పట్టుకోలేని మనసుకు ఒక్కోసారి విశేషాలు పట్టుకుంటాయి. ఆయనదే విశ్వరూపం చదవండి, నక్షత్రాలూ గ్రహాలూ విశ్వమూ. దాని తర్వాత నరావతారం, మనిషి పరిణామం. ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు. నిన్న ఎక్కడ ఆపామో గుర్తు లేకపోయినా నష్టం లేదు. నేను పదిహేనేళ్ళప్పుడు విశ్వరూపం చదివి మేడ మీదికి వెళ్ళి ఆకాశం చూశాను. అప్పటిదాకా అది నాకు కప్పు. ఆ రాత్రి నుంచి లోతు.

ఏనుగుల వీరాస్వామి గారి కాశీయాత్ర చరిత్ర కూడా అటువంటిదే. 1830లో బయలుదేరి 1831లో తిరిగి వచ్చారు, పదిహేను నెలల ప్రయాణం. 1838లో అచ్చయింది. ఎక్కడ మజిలీ చేశారో, దారి ఎలా ఉందో, నీళ్ళు ఎలా ఉన్నాయో రోజూ రాసుకున్నారు. భాష మొదట కాస్త అడ్డుపడుతుంది. నాలుగు మజిలీలు దాటాక ఆ పల్లకీ ఊపు మనకూ అలవాటవుతుంది.

ముందుమాట
నక్షత్రపటం గారు నియమం తప్పారు. ఒక్కరు ఒక్కటే అన్నారు కదా! అయితే మూడూ మంచివే కాబట్టి ఏమీ అనను.

గీతలనోటుబుక్
ఫోను సంగతి ఎవరూ మాట్లాడలేదు. నేను చదివేటప్పుడు దాన్ని వేరే గదిలో పెడతాను. తలగడ కింద పెట్టినా లాభం లేదు, మనసు తలగడ కిందే ఉంటుంది. ఇంకొకటి, నచ్చని పుస్తకాన్ని మధ్యలో వదిలేయడం పాపం కాదు. నేను యాభై పేజీలు చూస్తాను. అప్పటికీ కుదరకపోతే ఆ పేజీలో కాగితం ముక్క పెట్టి, దాని మీద తేదీ వేసి పక్కన పెడతాను. కొన్నింటిని ఏళ్ళ తర్వాత ఆ ముక్క దగ్గరే మళ్ళీ అందుకున్నాను.

రెండోముద్రణ
నా వంతు ఒక్కటి మిగిలింది కాబట్టి చెప్పేస్తాను. డాక్టర్ కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు. చిన్న నవల. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళతాడు. ఒక్క రోజు కూడా నిండని కాలంలో కథంతా అయిపోతుంది. హాయిగా ఉండదు, నవ్వించదు. కానీ పేజీ తిప్పించేది కావాలన్నారు కదా, ఇది తిప్పిస్తుంది. రాత్రి పూట మొదలుపెట్టండి.

కాగితంపడవ
పడుకునే ముందు మాత్రం వద్దు. నిద్ర పట్టదు.

రెండోముద్రణ
అందుకే రాత్రి పూట అన్నాను.

అర్ధరాత్రిదీపం
మూడు వారాలయింది. ఇన్ని రోజులూ సమాధానం రాయకపోవడానికి కారణం చదువుతూ ఉండడమే.

పార్వతీశంతో మొదలుపెట్టాను. టోపీ సంగతి కాగితంపడవ గారు ముందే చెప్పేశారు కదా, ఇంకేం నవ్వు వస్తుందిలే అనుకున్నాను. వచ్చింది. బస్సులో ఉన్నాను, పక్కన కూర్చున్న పెద్దావిడ పుస్తకం అట్ట చూసి, "ఏ భాగం?" అని అడిగారు. మొదటిది అన్నాను. "అదృష్టవంతురాలివి, ఇంకా రెండు ఉన్నాయి" అన్నారు. కాబట్టి చెదపురుగు గారూ, ఈ విషయంలో నా ఓటు రెండోముద్రణ గారికే.

అతడు అడవిని జయించాడు ఒక్క రాత్రిలో పూర్తయింది. ఏళ్ళ తర్వాత మొదటిసారి పుస్తకం మూసేసరికి కిటికీలో వెలుగు కనిపించింది. ఫోను ఎక్కడ పెట్టానో మర్నాడు ఉదయం వెతుక్కోవాల్సి వచ్చింది. అమరావతి కథలు రోజుకు ఒకటి చొప్పున నడుస్తున్నాయి, ఇప్పటికి పన్నెండు. గాలివాన ఇంకా చదవలేదు, తొందరగువ్వ గారి రెండు వాక్యాలు నిర్వాహకులు తీసేలోపే చూశాను. అవి మరచిపోయేదాకా ఆగుతాను. చివరకు మిగిలేది అరవయ్యో పేజీలో కాగితం ముక్క పెట్టి తేదీ వేశాను. బల్ల మీదే ఉంది, ఇప్పుడు దాన్ని చూస్తే తప్పు చేసినట్టు అనిపించడం లేదు.

ఆదివారం నుంచి మా అక్క, నేను, అక్క కూతురు కలిసి కన్యాశుల్కం బిగ్గరగా చదవబోతున్నాం. వినికిడి గారూ, ఒక సందేహం. బుచ్చమ్మ మాటలు చాలా తక్కువ, కానీ ఎలా చదవాలో తెలియడం లేదు. ఏడుపు గొంతుతో చదివితే కృత్రిమంగా ఉంది. మీ ఇంట్లో ఎలా చదివారు?

వినికిడి
నేనూ మొదట అలాగే చదివాను. నాన్నగారు వద్దన్నారు. ఆ పిల్లకు తన కష్టం కొత్త కాదు కదా, మామూలుగా చదవమన్నారు. నీళ్ళు తోడుతూ మాట్లాడినట్టు. అలా చదివిన రోజు మా తమ్ముడు గిరీశం మాట అందుకోవడం మరచిపోయాడు.